మూడో గుంట

తొమ్మిది రోజులిచ్చారు మాకు.
పదోనాడు పొద్దున్నే పొక్లెయిన్ వస్తుందని
బిల్డరు మనిషి రామతులసిరావు
వాచీ చూసుకుంటూ, మర్యాదగానే చెప్పాడు.
నరసాపురంలో, వశిష్ఠ గట్టుకి రెండు వీధులివతల
పైకప్పు ఎప్పుడో పోయి
మోకాలెత్తు మిగిలిన పచ్చిటుకల గోడలు.
నక్షాలో దీని పేరు రెండొందల పన్నెండు బై ఒకటి.

ఇక్కడ తవ్వడమంటే ముందు తోడడం.
నాలుగడుగులకే ఊట.
రాత్రంతా గుంటలో కాళ్ళు చాపుకుని పడుకున్న నదిని
పొద్దున్నే బకెట్లతో లేపి పంపించాలి.
ఆ తర్వాతే తాపీ, బ్రష్షు, టేపు,
నా గళ్ళ కాగితం.

ఇటుకని అడ్డంగా కోస్తే ఊక.
ఇంకా పచ్చగానే ఉంది, నిన్న చెరిగినట్టు.
నూకరత్నం అరచేతిలో నలిపి వాసన చూసింది.
"అక్కుళ్ళండీ. మా అమ్మమ్మ దంపేది."
నేను రాసుకున్నాను: వరిపొట్టు, రకం తెలియదు.
కొట్టేసి మళ్ళీ రాశాను:
అక్కుళ్ళు కావచ్చు, చెప్పినది గెడ్డం నూకరత్నం.
ఫారంలో ఆ పేరుకి గడి లేదు.
అంచున, ఏటవాలుగా పట్టించాను.

గోడలో మూడు వరదలున్నాయి.
ఒండ్రు, దాని మీద అలుకు,
ఒండ్రు, అలుకు, మళ్ళీ ఒండ్రు.
నది ఒక మాట అనడం,
ఇంట్లో ఆడవాళ్ళు నాలుగు వేళ్ళతో దాన్ని తుడిచెయ్యడం.
ఆ వేళ్ళ జాడలు ఇంకా ఉన్నాయి.
ఒకచోట మాత్రం చిటికెనవేలు గీత లేదు.
ఎవరామె, ఏ కత్తిపీట, ఏ వంటరోజు
అన్నవి నివేదికకి అక్కర్లేని ప్రశ్నలు.
పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాను.

ఏడోనాడు, గడప కింద
మూతకి మట్టి మెత్తిన కుండ.
సాయంత్రానికి వీధంతా మా గుంట చుట్టూ.
కిళ్ళీకొట్టు వీరభద్రం కొట్టు కట్టేసి వచ్చాడు.
లాఠీ చంకలో పెట్టుకుని కానిస్టేబులు
లంకెబిందెలు ఇంత చిన్నగా ఉంటాయా అని నన్నే అడిగాడు.
రామతులసిరావు మొదటిసారి వాచీ చూసుకోలేదు.

మూత తీశాను.
నల్లమట్టి. మెత్తగా, చల్లగా.
ఎండి పుల్లలైన రెండు పసుపుకొమ్ములు.

"ఓస్, మట్టేనా" అన్నారెవరో.
నూకరత్నం నెత్తిమీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టింది.
"మాయండీ" అంది.
కానిస్టేబులు ఒకడుగు వెనక్కేశాడు. "చేతబడా?"
"కాదు బాబూ, బిడ్డ మాయ.
నువ్వూ దాన్ని తెంచుకునే వచ్చావు."
కుండ అంచు తడుముతూ "తొలిచూలు" అంది మెల్లగా.
ఎలా తెలిసిందో నేనడగలేదు.

ఆ రాత్రి లాడ్జీ నుంచి అమ్మకి ఫోను చేశాను,
నాదెక్కడ పాతిపెట్టారని.
"ఏలూరు పెద్దాసుపత్రిలో పుట్టావు.
బకెట్లో పడేసి ఎటో పట్టుకెళ్ళారే."
కాసేపాగి, "అన్నం తిన్నావా?"

తొమ్మిదోనాడు కుండని దూదిలో చుట్టి
పెట్టెకెక్కించి నంబరు వేశాం.
లోపలి మట్టిని సంచిలో నింపబోతుంటే
నూకరత్నం నా చేతులకేసి చూసింది. ఏమీ అడగలేదు.
నియమం ప్రకారం పిడికెడు నమూనా చాలు.
మిగతాది కొంగులో మూటకట్టుకుని
ఆమె గట్టువైపు నడిచింది.
సంచి మీద నేను రాశాను: కొంత మాత్రమే లభ్యం.

పదోనాడు బకెట్లు ఎవరూ పట్టలేదు.
గడప ఉన్నచోటే లిఫ్టు గుంట వస్తుందట,
ప్లాను విప్పి చూపించారు.
ఊట మోకాళ్ళ దాకా ఎక్కింది.
చిటికెనవేలు లేని గోడ
కింది వరసలో నానుతూ, అంచులు వదులుతూ,
ఎవరూ ముట్టుకోకుండానే
నీళ్ళలోకి మెల్లగా కూర్చుంది.

పొక్లెయిన్ ఇంకా వీధి మలుపు తిరగలేదు.